రాత్రివేళ సీమకుందేళ్ళ, గుంటనక్కల వేట: ఆస్ట్రేలియా రైతుల అనుభవమువలన నేర్వదగిన పాఠము

పైరును పాడుచేయు జంతువు కంటబడినంతనే దానిని చంపిన చాలును, బెడద తీరునను అభిప్రాయము రైతులలో విశేషముగ కలదు. ఒక రాత్రి నలుగురు స్నేహితులు కూడి, దీపమును తుపాకిని తీసికొని పొలమునకు పోయి, తెల్లవారునప్పటికి నలుబది ఏబది జంతువులను కొట్టి తెచ్చినయెడల, పంటకు రక్షణ కలిగినట్లే తోచును. ఈ తలంపు ఎంతవరకు నిజమో తెలిసికొనుటకు ఆస్ట్రేలియా ఖండపు రైతుల అనుభవము మిక్కిలి ఉపయోగించును. వారు నూరేండ్లకు పైబడి తుపాకి, కంచె, విషము, రోగము, నాగలి మొదలగు సాధనములన్నిటిని ప్రయోగించి, ఏది ఎంతవరకు పనికివచ్చునో నష్టపడి నేర్చుకొనిరి. ఆ నష్టము తాము పడకయే ఆ జ్ఞానమును పొందుట ఇచ్చటి పట్టాదారులకు లాభకరము.

1. ఈ జంతువులు ఆ దేశమునకు వచ్చిన విధము

ఆస్ట్రేలియాలో పూర్వము సీమకుందేలు గాని, ఎర్ర గుంటనక్క గాని లేవు. 1788వ సంవత్సరమున ఇంగ్లండునుండి మొదట వచ్చిన వలస ఓడలలో కొన్ని పెంపుడు కుందేళ్ళు ఉండెను గాని, అవి దేశమంతట వ్యాపింపలేదు. 1859వ సంవత్సరము డిసెంబరు నెలలో విక్టోరియా ప్రాంతమున విన్చెల్సీ గ్రామమునకు సమీపమున నున్న బార్వన్ పార్కు అను ఎస్టేటు యజమానియగు థామస్ ఆస్టిన్, వేటవినోదము కొరకు ఇంగ్లండునుండి 24 కుందేళ్ళను తెప్పించెను. ఆ వినోదమునకు దేశమంతయు మూల్యము చెల్లింపవలసివచ్చెను. ఆ ఖండమందలి అడవి సీమకుందేళ్ళలో అత్యధికభాగము ఆ ఒక్క మంద సంతతియే యని 2022లో ప్రకటింపబడిన జన్యుపరిశోధన వలన తేలినది. సుమారు 50 సంవత్సరములలో అవి దక్షిణార్ధమంతయు వ్యాపించెను.

ఎర్ర గుంటనక్కయు ఇట్లే వచ్చెను. గుఱ్ఱములపై కుక్కలతో దానిని తరుముట ఇంగ్లండులో ధనికుల వేడుక. ఆ వేడుకను క్రొత్త దేశమునకు కూడ తేదలచి, 1870 ప్రాంతమున విక్టోరియాలో వానిని విడిచిరి. కుందేళ్ళు వ్యాపించిన మార్గముననే నక్కలును వ్యాపించెను. ఏలయన నక్కకు కుందేలే ముఖ్యాహారము. ఉత్తరపు ఉష్ణప్రాంతము, టాస్మేనియా ద్వీపము తప్ప తక్కిన దేశమున చాలభాగము వాని వశమయ్యెను.

పశ్చిమ ఆస్ట్రేలియా ప్రభుత్వము కుందేళ్ళ నాపుటకై 1901 నుండి 1907 వరకు మూడు కంచెలను నిర్మించెను. అందు మొదటిది 1,139 మైళ్ళ పొడవు గలది. అయినను కంచె పూర్తికాక మునుపే కుందేళ్ళు దానిని దాటి లోపలికి వచ్చియుండెను. శత్రువు వచ్చిన పిమ్మట తలుపు మూసిన ఫలము లేదని ఇది తెలుపుచున్నది.

2. సీమకుందేలు వేరు, ఇచ్చటి అడవికుందేలు వేరు

తెలుగునాట పొలముల గట్లమీద కనబడు కుందేలు, అనగా చెవులపిల్లి, బొరియ త్రవ్వదు. గడ్డి దుబ్బులలో చిన్న పల్లము చేసికొని పండుకొనును. దాని పిల్లలు పుట్టినప్పుడే బొచ్చు కలిగి, కన్నులు తెరచి యుండును. సీమకుందేలు భూమిలో బొరియలు త్రవ్వి గుంపులుగా నివసించును. దాని పిల్లలు బొచ్చు లేక, కన్నులు తెరవక పుట్టును. బొరియలో భద్రముగ నుండుటచే వాని సంఖ్య త్వరగా పెరుగును.

ఆడుకుందేలు చూలు సుమారు 30 దినములు మోయును. ఒక్కొక్క కాన్పునకు నాలుగైదు పిల్లలను పెట్టును. పచ్చిక బాగుగనున్న ఏట అయిదారు కాన్పులు కలుగును. ఆడుపిల్ల మూడు నాలుగు మాసముల వయసుననే చూలు దాల్పగలదు. సుమారు పది కుందేళ్ళు తిను మేత ఒక గొఱ్ఱె మేతకు సమానము. అంతియకాక, అవి గడ్డిని వేరుమట్టునకు కొరుకుటచేతను, మొలకలను తినివేయుటచేతను, నేల బయలుపడి గాలికిని వానకును కొట్టుకొనిపోవును. హెక్టారునకు ఒక్క కుందేలు కంటె తక్కువ యున్నను కొన్ని జాతుల చెట్ల మొలకలు పైకి రాజాలవు.

3. వేటరాత్రికి పూర్వసన్నాహము

ఆ దేశమున గొఱ్ఱెల కమతములయందు స్నేహితులు కూడి రాత్రివేళ వేటకు పోవుట బహుకాలముగా నున్న ఆచారము. ఇది వారికి కొంత వినోదము, కొంత వ్యవసాయపు పని. నేర్పరులైన రైతులు దీని నెట్లు జరుపుదురో తెలియుటకు ఒక కమతమునందలి ఒక రాత్రిని ఉదాహరణముగా గ్రహింపవచ్చును.

గొఱ్ఱెలు ఈనుటకు మూడు వారముల ముందు ఆ రైతు తన పొరుగువారిని ముగ్గురను పిలిచెను. పగలే నలుగురును పొలమును చుట్టివచ్చిరి. ఏ బీడులో గొఱ్ఱెలున్నవి, ఏ బీడు ఖాళీగ నున్నది, ఎచ్చట ఇల్లు, ఎచ్చట బాట, ఎచ్చట నీటిగుంట, ఎచ్చట రాతినేల కలవో చూచి కాగితముమీద గీసికొనిరి. పొరుగు కమతముల వారికి ఫలానా రాత్రి తుపాకుల చప్పుడు వినబడునని తెలియజేసిరి. కుక్కలను కట్టివేయుడని కోరిరి. వారిలో ఎవ్వరికిని ఆ రాత్రి మద్యము లేదు. పని ముగిసిన పిమ్మటనే అని నియమము చేసికొనిరి.

తుపాకి విషయమున ఆ దేశపు చట్టము కఠినమైనది. 1996వ సంవత్సరము ఏప్రిల్ 28వ తేదీన టాస్మేనియాలోని పోర్ట్ ఆర్థరునందు ఒక దుండగుడు 35 మందిని కాల్చిచంపెను. అదే సంవత్సరము ఆ దేశపు ప్రభుత్వములన్నియు కలిసి తుపాకుల చట్టమును బిగించెను. నాటినుండి తుపాకి కావలసినవాడు లైసెన్సు పొందవలయును; దాని అవసరమునకు తగిన కారణమును చూపవలయును; ఇంట తాళము గల పెట్టెలో భద్రపరుపవలయును. ఒకరి పొలమున వేటాడుటకు ఆ పొలపు యజమాని అనుమతియు కావలయును.

పనిని నలుగురికి పంచుకొనిరి. ఒకడు జీపు నడపువాడు. ఒకడు దీపము పట్టువాడు. ఒకడు కాల్చువాడు. నాలుగవవాడు కంచె తలుపులు తెరచి మూయుచు, కనబడిన జంతువులను పడిన జంతువులను కాగితముమీద గుర్తించువాడు. ఒక సమయమున ఒక్క తుపాకియే పనిచేయవలెననునది వారి మొదటి నియమము. దీపము పట్టువాడు ‘ఊ’ అననిది కాల్చువాడు మీట నొక్కరాదనునది రెండవ నియమము.

4. రాత్రి జరిగిన పని

చీకటి పడిన గంటకు బయలుదేరిరి. చంద్రుడు లేని, గాలి స్వల్పముగనున్న రాత్రిని వారు కోరి యెంచుకొనిరి. జీపు మెల్లగా కంచె వెంబడి పోవుచుండెను. దీపపు వెలుగు బీడుమీద ప్రాకుచుండెను. వెలుగు తగిలిన కుందేళ్ళు కొన్ని అట్లే కదలక కూర్చుండెను, కొన్ని బొరియలవైపు పరుగెత్తెను. కూర్చున్నవానిని చిన్న రైఫిలుతో ఒక్కొక్కటిగా కొట్టిరి. పరుగెత్తువానిపై కాల్పలేదు. గాయపడి బొరియలో దూరిన కుందేలు బాధతో చచ్చును. అట్టి చావు కలిగించుట మనుష్యునకు తగదు, పనికిని మేలు కాదు.

దిబ్బ శిఖరమున ఆకాశమున కెదురుగా ఒక కుందేలు కూర్చుండెను. సులభమైన గురియే. అయినను దానిని విడిచిరి. చిన్న రైఫిలు గుండు సహితము ఒక మైలునకు పైగా పోగలదు. గుండు తప్పినప్పుడు దానిని ఆపుటకు వెనుక మన్ను ఉండవలయును. శిఖరము వెనుక ఏమి యున్నదో చీకటిలో ఎవరికి తెలియును? నీటిమీదను, రాతిమీదను తగిలిన గుండు మరల పైకెగసి ఎటుపోవునో చెప్పరాదు. కావున గుంటవద్ద కనబడిన కుందేళ్ళను కూడ విడిచిరి.

రెండవ బీడులో జీపును ఆపి, దీపమునకు ఎర్ర అద్దము తగిల్చి, గుంటనక్కకై వేచియుండిరి. గాయపడిన కుందేలు అరపును పోలిన ధ్వని చేయు చిన్న ఈల కలదు. దానిని ఊదిన కొంతసేపటికి నక్క ఆహారమున్నదని తలచి వచ్చును. అయితే తిన్నగా రాక, గాలి వాసన పట్టుటకై చుట్టు తిరిగి వచ్చును. ఆ రాత్రి రెండు నక్కలు అట్లు వచ్చి పడెను. మూడవది దీపము తగిలినంతనే వెనుదిరిగి పోయెను. మునుపు ఎచ్చటనో గురితప్పి బ్రదికిన నక్క అట్లే చేయును. దీపమునకు జడిసిన నక్క మరల దీపమునకు చిక్కుట అరుదు.

అర్ధరాత్రి దాటిన పిమ్మట కంచెమూలయందు రెండు కన్నులు పచ్చగా మెరసెను. ఎత్తును, ఎడమును నక్కకు సరిపోవుచుండెను. కాల్చువాడు తుపాకిని సరిచూచుకొనెను. దీపము పట్టినవాడు ‘ఊ’ అనలేదు. “కన్నులే కనబడుచున్నవి, ఒడలు కనబడలేదు, ఆగుము” అనెను. కొన్ని క్షణములు గడచెను. ఆ జంతువు ప్రక్కకు తిరిగి, తోక ఆడించుచు వెలుగులోనికి వచ్చెను. అది గొఱ్ఱెలను కాయు కుక్క. జీపు నడపుచున్న పొరుగురైతుదే. గొలుసు తెంచుకొని, యజమాని వాసన పట్టి రెండు మైళ్ళు వచ్చియుండెను. కొంతసేపటివరకు ఎవ్వరును మాటలాడలేదు. కాల్చువాడు తుపాకినుండి గుండు తీసివేసెను. ఆ కుక్కను జీపులో ఎక్కించుకొని, తిరిగి దాని ఇంట కట్టివచ్చిన పిమ్మటనే పని సాగించిరి.

చీకటిలో కుక్క, నక్క, గొఱ్ఱె, ఆవు కన్నులన్నియు మెరయును. ఏలయన వాని కంటిలోపల వెలుగును తిప్పికొట్టు పొర యొకటి కలదు. కుందేటికి ఆ పొర లేకుండుటచే దాని కన్ను మందముగ ఎర్రగా కనబడును. కాని రంగును నమ్మి కాల్చుట ప్రమాదము. నేడు వేడిని పసికట్టి చూపు యంత్రములు వచ్చినవి. వానివలన జంతువు మరింత దూరమునుండి కనబడును గాని, అది ఏ జంతువో నిశ్చయించు బాధ్యత మనుష్యునిదే.

5. తెల్లవారిన పిమ్మట చూచిన లెక్క

ఆ రాత్రి పడినవి 47 కుందేళ్ళు, 2 నక్కలు. నలుగురును సంతోషించిరి. అయితే నాలుగవవాని చేతనున్న కాగితము వేరొక మాట చెప్పుచుండెను. పడినవాని సంఖ్యకంటె కనబడి మిగిలినవాని సంఖ్య ఎన్నో రెట్లుండెను. లెక్కకు ఆ కమతమున 400 కుందేళ్ళున్నవనుకొన్నచో, 47 పోగా 353 మిగులును. అందు సగము ఆడువి యనుకొన్నచో 176. ఒక్కొక్కటి ఒక కాన్పునకు 5 పిల్లలను పెట్టినచో 880 పిల్లలు. అందు నాలుగింట మూడు వంతులు చచ్చి, ఒక వంతు మాత్రమే పెరిగినను 220. అనగా ఒక్క కాన్పుతోనే చంపినవాని స్థానము నిండి, మరి 173 అదనముగ చేరును. మిగిలినవానికి మేత సమృద్ధిగ దొరకుటచే వాని పిల్లలు బాగుగ బ్రదుకును కూడ.

కావున వేటరాత్రి ముగిసిన పిమ్మట రైతు వేసికొనవలసిన ప్రశ్న “ఎన్ని చంపితిమి?” అనునది కాదు, “ఎన్ని మిగిలినవి?” అనునది. తెలివైన రైతులు ప్రతి సంవత్సరము అదే బాటను, అదే వేగముతో, అదే దీపముతో రెండు మూడు రాత్రులు వరుసగా తిరిగి, మైలునకు ఎన్ని కుందేళ్ళు, ఎన్ని నక్కలు కనబడినవో వ్రాసికొందురు. ఆ లెక్క తగ్గినచో ఉపాయము ఫలించినట్లు; తగ్గనిచో శ్రమ వృథా. రాత్రివేట యొక్క మొదటి ప్రయోజనము ఈ లెక్కయే. రెండవ ప్రయోజనము, పెద్ద ఉపాయములు జరిగిన పిమ్మట మిగిలిన కొద్దిపాటి జంతువులను ఏరివేయుట. ఆ రెంటికి మించిన పని తుపాకి చేయజాలదు.

6. గుంటనక్క చేయు నష్టమును నిర్ణయించు విధము

ఆ దేశపు గుంటనక్క సంవత్సరమునకు ఒకమారే ఈనును. సగటున నాలుగు పిల్లలను పెట్టును. అప్పుడే పుట్టిన గొఱ్ఱెపిల్లలను అది ఎత్తుకొనిపోవుట నిజమే. కాని చచ్చిన పిల్లలన్నియు నక్క చంపినవి కావు. చలివలనను, తల్లి పాలు లేకపోవుటవలనను, కష్టకాన్పువలనను చచ్చిన పిల్లలను నక్క తినిపోవుట తరచు జరుగును. తెల్లవారి శవమును చూచిన రైతు నిందను నక్కపై మోపి, తల్లిగొఱ్ఱెలకు మేత చాలకపోవుటను గమనింపక విడుచును. మరుసటి ఏడును అదే నష్టము కలుగును.

దీనికి పరీక్ష కలదు. శవముయొక్క చర్మమును వలిచి చూడవలయును. పంటిగాట్లచుట్టు నెత్తురు గడ్డకట్టి కమిలియున్నచో, పిల్ల బ్రదికియుండగా కరవబడినదని గ్రహింపవచ్చును. కమిలిన గుర్తులు లేనిచో చచ్చిన పిమ్మట కొరుకబడినది. గిట్టల అడుగుభాగము అరగక మెత్తగా నున్నచో ఆ పిల్ల నడువనేలేదు. కడుపులో పాలు లేనిచో అది త్రాగనేలేదు. ఈ పరీక్షకు రైతుచేతి కత్తి చాలును.

నక్కను చంపి తోకయో చర్మమో తెచ్చినవారికి బహుమానమిచ్చు పద్ధతిని విక్టోరియా ప్రభుత్వము 2002–2003లో పరీక్షించెను. లక్షకు పైగా తోకలు వచ్చెను గాని, రాష్ట్రమున అత్యల్పభాగముననే నక్కల సంఖ్య తగ్గినట్లు తేలెను. ఒక కమతమున నక్క చచ్చిన కొలదిదినములకే ప్రక్క కమతమునుండి ప్రాయపు నక్క వచ్చి ఆ తావును ఆక్రమించును. కావున పొరుగువారందరు ఒకే కాలమున కలిసి పనిచేయనిది నక్క తగ్గదు.

కొందరు రైతులు మరెమ్మా అను ఇటలీ దేశపు తెల్లని కాపలాకుక్కలను పిల్లప్రాయమునుండియే గొఱ్ఱెలతో పెంచుదురు. అవి మందను తమ కుటుంబముగా నెంచి, నక్కను చేరనీయవు. విక్టోరియాలోని వార్నంబూలు పట్టణము ప్రక్కనున్న మిడిల్ ఐలండను చిన్న దీవియందు నక్కలవలన నశించుచుండిన చిన్న పెంగ్విను పక్షులను 2006 నుండి ఈ కుక్కలచేతనే కాపాడిరి. చంపుటకంటె కాచుట చౌకయని దీనివలన తెలియును.

7. నిలుకడగల ఉపాయములు

కుందేళ్ళపై 1950లో మిక్సోమా అను రోగవిషక్రిమిని విడిచిరి. దోమలవలన అది నదీతీరముల వెంట త్వరగా వ్యాపించి, మొదట సోకిన కుందేళ్ళలో నూటికి 99 చచ్చెను. మనుష్యులకు హాని కలుగునేమో యని ప్రజలు భయపడగా, మాక్‌ఫర్లేన్ బర్నెట్, ఫ్రాంక్ ఫెన్నర్, ఇయాన్ క్లూనీస్ రాస్ అను శాస్త్రజ్ఞులు ఆ క్రిమిని తమ శరీరములలోనికే ఎక్కించుకొని హాని లేదని నిరూపించిరి. కాని కొన్ని సంవత్సరములకే క్రిమి బలము తగ్గెను. బ్రదికిన కుందేళ్ళ సంతతికి ఓర్పు పెరిగెను. సంఖ్య మరల హెచ్చెను. 1995లో వార్డాంగ్ దీవిలోని పరిశోధనస్థలమునుండి మరియొక రోగము తప్పించుకొనిపోయి, దేశమంతట వ్యాపించి మరల వానిని తగ్గించెను. దానికిని క్రమముగా ఓర్పు కలుగుచున్నది. ఒక్క మందును నమ్మి కూర్చున్నవానికి ఒకనాడు ఆ మందు పనిచేయకపోవుట తప్పదు. పురుగుమందులు చల్లు రైతులకు ఈ మాట వేరుగ చెప్పనక్కరలేదు.

అన్నింటికంటె నిలుకడగల ఫలితమిచ్చినది బొరియల ధ్వంసము. మొదట రోగముచేతనో ఎరచేతనో సంఖ్యను తగ్గింతురు. పిమ్మట వేసవి చివర నేల ఎండియుండగా, కుక్కలచే కుందేళ్ళను బొరియలలోనికి తోలించి, ట్రాక్టరునకు కట్టిన పొడవైన ఇనుపకొయ్యలతో రెండు మూడు అడుగుల లోతున బొరియలను చీల్చి దున్నుదురు. బొరియల అంచు దాటి మరికొన్ని గజముల వరకు దున్నవలయును. కొన్ని వారములకు మరల వచ్చి, తెరచుకొన్న రంధ్రములను మూయుదురు. మిగిలిన కొద్ది కుందేళ్ళను ఆ తరువాత రాత్రివేటలో ఏరివేయుదురు. ఇల్లు లేని కుందేలు ఎండకును నక్కకును తానే బలియగును.

కుందేళ్ళు ఒక్కమారు తగ్గినపుడు ఆకలిగొన్న నక్కలు గొఱ్ఱెపిల్లలపైకిని, దేశీయమైన చిన్న జంతువులపైకిని మరలును. కావున రెంటిని కలిపి ఆలోచించి పనిచేయవలెనని వారు తెలిసికొనిరి.

8. ఇచ్చటి రైతులు గమనింపవలసిన విషయములు

ఆస్ట్రేలియాలో సీమకుందేలు, ఎర్రనక్క పరదేశమునుండి వచ్చిన చీడలు. తెలుగునాటి కుందేలు, గుంటనక్క, నక్క ఈ నేలకు సహజమైన జీవులు. ఈ భేదమును మరచి ఆ దేశపు ఆచారమును ఇచ్చట అనుకరించుట రెండు విధముల తప్పు.

మొదటిది, చట్టమునకు విరుద్ధము. 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టము ననుసరించి కుందేటిని గాని, గుంటనక్కను గాని, నక్కను గాని వేటాడుట నేరము. తుపాకితో కాల్చుట మాత్రమే వేట కాదు. ఉచ్చు పన్నుట, వల వేయుట, విషపుటెర పెట్టుట కూడ చట్టమున వేటయే. తన పట్టాభూమిలో జరిగినంతమాత్రమున నేరము నేరము కాకపోదు.

రెండవది, రైతునకే నష్టము. గుంటనక్క ఎలుకలను, చెదలను, మిడుతలను, ఇతర పురుగులను తినును; రేగుపండ్లను కూడ తినును. గట్టుమీద కలుగు చేసికొన్న గుంటనక్క కుటుంబము కూలి అడుగక ఎలుకలను పట్టు సేవకుని వంటిది. దానిని చంపిన రైతు మరుసటి యాసంగిలో ఎలుకలకు వరిని సమర్పించుకొనును.

కుందేలు వేరుసెనగ, పెసర, అలసంద మొదలగు పైరుల లేతమొలకలను కొరుకుట కలదు. మొలక దశ దాటినచో నష్టము తగ్గును. కావున ఆ కొన్ని వారములు మాత్రము రేగుకంపతో గాని, పాతచీరలతో గాని పొలము చుట్టు కట్టుట, రాత్రి మంచె కావలి యుండుట, గట్లమీది పొదలను కొట్టివేయుట మంచిది. ప్రక్క ప్రక్క పొలములవారు ఒకే వారమున విత్తినచో నష్టము అందరికి పంచుకొనబడి, ఎవ్వరికిని భారము కాదు. గొఱ్ఱెపిల్లలను, మేకపిల్లలను రాత్రి గంపల క్రింద కమ్ముట, దొడ్డికి ముళ్ళకంప గట్టిగ వేయుట, చచ్చిన పశువులను ఊరిబయట పారవేయక లోతుగ పూడ్చుట వలన నక్కల రాక తగ్గును.

అడవిపందుల బాధకు గాని, మరి ఏ జంతువు బాధకు గాని, పొలముచుట్టు ఇనుపతీగలకు కరెంటు తగిలించుట మహాపాపము, నేరము. రాత్రి నీరు పెట్టబోయిన రైతులు, కూలీలు, పశువులు ఆ తీగలకు తగిలి ప్రాణములు విడిచిన ఘటనలు తెలుగు రాష్ట్రములలో పలుమార్లు జరిగినవి. తీగకు మనుష్యుడు, పంది అను భేదము తెలియదు. కంచెమూలయందు మెరసిన కన్నులను చూచి “ఆగుము” అని చెప్పగల స్నేహితుడు ఆ తీగప్రక్కన ఉండడు. బాధ మితిమీరినప్పుడు గ్రామస్థులు కలిసి అటవీశాఖ అధికారులకు తెలుపుకొనవలయును.

తుదకు, పరదేశపు జంతువునైనను, మొక్కనైనను వేడుకకొరకు తెచ్చి విడువరాదు. చెరువులను కప్పివేయు గుర్రపుడెక్క అందమైన పూవు కొరకు తేబడినదే. 1956 ప్రాంతమున పూనాలో మొదట గమనింపబడిన వయ్యారిభామ నేడు చేలగట్లన్నిటిని ఆక్రమించియున్నది. 24 కుందేళ్ళు ఒక ఖండమును తినివేసిన కథ రైతులు తమ పిల్లలకు చెప్పదగినది.

9. సారాంశము

(1) ఎన్ని చంపబడినవో కాదు, ఎన్ని మిగిలినవో లెక్కింపవలయును.

(2) జంతువు నివాసమును, ఆహారమును తెలిసికొనక దాని సంఖ్యను తగ్గింపజాలము.

(3) నింద మోపుటకు ముందు శవమును పరీక్షింపవలయును.

(4) పొరుగువారు కలిసి ఒకే కాలమున చేసిన పనియే ఫలించును.

(5) ఒక్క మందును, ఒక్క ఉపాయమును నమ్మి యుండరాదు.

(6) కుందేటిని, గుంటనక్కను, నక్కను ఈ దేశమున వేటాడరాదు; కరెంటు తీగలు పెట్టరాదు.

(7) పరదేశపు జీవిని తెచ్చి విడువరాదు. తెచ్చుట ఒక దినపు పని. తొలగించుట తరతరముల పని.